మేఘనాథం గారు వద్దన్నారు

1998 అక్టోబరు, సోమవారం రాత్రి

మా బామ్మర్ది నాగరాజు పడవ ఇవాళ కూడా రాలేదు. మిగతా పడవలన్నీ నిన్న గాలి లేవగానే ఒడ్డుకు చేరాయి. బందరు వైపు వెతికొచ్చిన వాళ్లు జాడ లేదన్నారు.

శనివారం సాయంత్రం వలల పాకలో అందరం రేడియో పెట్టుకుని కూర్చున్నాం. వాతావరణం చెప్పే ఆయన పేరు మేఘనాథం. ఆ పేరు వినపడితే చాలు, మావాళ్లకు నవ్వు ఆగదు.

"అదుగో, మబ్బులాయన వచ్చాడ్రోయ్!" అన్నాడు నాగరాజు. "ఆ పేరు పెట్టుకున్నోడు ఎండ కాసుద్దని ఎట్టా చెబుతాడు?"

"ఆయన కూతురి పేరు వర్షిణేమో కనుక్కోరా," అన్నాడు ఇంకొకడు.

అందరూ పడీ పడీ నవ్వారు. సముద్రం మీదికి వెళ్లొద్దని ఆయన చెప్పిన మాట ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. రేడియో నా ఒళ్లో ఉంది కాబట్టి నాకు వినపడింది.

"వెళ్లొద్దంటున్నారు," అన్నాను. నలుగురిలో నా గొంతు పైకి రాదు.

"ఏంటి బావా?" అన్నాడు నాగరాజు. అందరూ నావైపు తిరిగేసరికి సిగ్గేసింది.

"ఏం లేదులే," అన్నాను. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

ఆదివారం తెల్లవారుజామున వాడు పడవ దించాడు.

ఇందాక మా ఆవిడ అడిగింది. "రేడియో నీ దగ్గరేగా ఉంది. ఏం చెప్పారయ్యా ఆ రోజు?"

"సరిగ్గా వినలేదు," అన్నాను.

తమ్ముడి కోసం లాంతరు పట్టుకుని ఆమె ఒడ్డునే కూర్చుంది. వెళ్లి నిజం చెప్పాలి. రెండుసార్లు గుమ్మందాకా వెళ్లి వచ్చాను.