బావ చిలకరించిన మూడు చుక్కలు

ఆదివారం, రాత్రి

అబిడ్స్ బారులో మేనేజర్‌గా చేసే నా దోస్తు రమేష్, అమెరికాలో తయారైన బెల్జియం తరహా బీర్లు దొరికాయని నాంపల్లిలో తన గదికి పిలిచాడు. చెల్లెలి భర్త యాదగిరి బావ కూడా నాతో వచ్చాడు. ఆరేళ్ల కింద లివర్ చెడి దవాఖానలో పడ్డప్పటి నుంచి ఆయన మందు ముట్టలేదు.

రమేష్ చాయ్ గ్లాసుల్లో కొంచెం కొంచెం పోశాడు. మొదటిది లవంగం వాసన, మగ్గిన అరటిపండు రుచి. రెండోది నల్లగా బెల్లం పాకంలా ఉండి గొంతు కాల్చింది.

"నేను వాసన చూస్త, గంతే," అన్నాడు బావ.

"గిది మందు కాదే యాదన్నా, షర్బత్ అనుకో!" అన్నాడు రమేష్.

వద్దనాలని నా నోటిదాకా వచ్చింది. అంతలో బావ వేలు దానంతట అదే గ్లాసులో మునిగి, తాగే ముందు నేలకిచ్చే మూడు చుక్కలు చిలకరించింది. అందరూ నవ్వారు. ఆయన ఒక్క గుక్కలో తాగి, సీసా అడుగున మిగిలిన మడ్డి కూడా పోయమన్నాడు.

వస్తూ దారిలో ఆటో ఆపించి పాన్ వేసుకున్నాడు.

చెల్లె గుమ్మంలోనే అడిగింది: "మీ బావ ఏం తాగలే కదన్నా?"

"లేదమ్మా," అన్నాను.

తిరిగి చూస్తే నా వెనక బావ నవ్వుతున్నాడు. ఇకమీద కూడా నేను ఇట్లనే చెప్తానని ఆయనకు తెలిసిపోయింది.