నవ్వుతూ వెళ్ళిందట

జూన్ 14, శుక్రవారం

మంగళవారం సంగతి రాసి పెట్టుకోవాలి.

నా భార్య లీల పొద్దున లేచి రెండు గుక్కల టీ తాగింది. కడుపులో నిలవలేదు. డయాలసిస్ ఇక గుండె తట్టుకోదని డాక్టరు ముందే చెప్పడంతో ఇంటికి తెచ్చుకున్నాం. ముఖం కడిగాను. తల దువ్వాను. మధ్యాహ్నం నుంచి ఊపిరి కష్టమైంది. బైబిలు తెరిచాను. ఈ పాస్టరు పనిలో ఎందరి మంచాల పక్కనో చదివిన కీర్తనే. ఆమె చేత్తో పుస్తకాన్ని పక్కకు నెట్టింది. చదవకండి, భయమేస్తోంది, ఇలా కూర్చోండి అంది. నా చొక్కా పట్టుకుంది. కూర్చున్నాను. నన్ను ఒగ్గీకండి అని రెండుసార్లు అంది. డిగ్రీ చదివినా, భయం ముదిరితే, వదిలేయకండి అనడానికైనా ఆమెకు పొందూరు మాటే వచ్చేది. ఆ తర్వాత మాట లేదు. సాయంత్రం పోయింది. చొక్కా వదిలించడానికి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

బుధవారం సమాధి చేశాం. వాన వస్తుందనుకున్నాం, రాలేదు.

జూన్ 16, ఆదివారం

ఆరాధన నేనే జరిపాను. ప్రసంగం బాగుందన్నారు. ఏం చెప్పానో గుర్తు లేదు.

జూన్ 22, శనివారం

ఈ రోజు లీల జ్ఞాపకార్థం ఆదరణ కూడిక.

మా సంఘాల్లో ఎవరైనా పోతే అందరూ మొదట అడిగేది ఒకటే. చివరి మాట ఏమిటి, ఏ పాట పాడుకుంటూ వెళ్ళారు? నమ్మకం చెదరకుండా, మంచి సాక్ష్యంతో వెళ్ళారా అని దానర్థం. నేనూ ఎన్నో ఇళ్ళలో అడిగాను. చెప్పడానికి ఏమీ లేకపోతే ఇంటివాళ్ళు చిన్నబోతారు.

సమాధి దగ్గర విక్టర్ నన్ను అడిగాడు. విక్టర్ మా సంఘం సెక్రటరీ, రిటైరైన రైల్వే గార్డు. అమ్మగారు ప్రశాంతంగానే ఎల్పోనారా అయ్యగారూ అన్నాడు. మాట్లాడే ఓపిక లేక తలూపాను. ఈ రోజు మైకు ముందు ఆ తలూపు పెద్దదైంది. అమ్మగారు సిరునవ్వు నవ్వి, ప్రభువా వస్తన్నాను అనీసి, పాట అందుకుని, పాట మద్దెలోనే కన్ను మూసీసారు అని చెప్పాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. నేను లేచి, భోజనాలు వడ్డించే చోటికి వెళ్ళి నిలబడ్డాను. సాంబారు బాగా కుదిరిందని వంటాయన అన్నాడు.

జూన్ 28, శుక్రవారం

ఉపవాస ప్రార్థన. తర్వాత మూడు ఇళ్ళు తిరిగాను. ఒకచోట చంటిబిడ్డకు జ్వరం, ఒకచోట భార్యాభర్తల గొడవ, మూడోచోట తాళం.

ఆడవాళ్ళు వంట వండినప్పుడల్లా సంఘం కోసం పక్కన తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఇప్పుడు నా దగ్గరికే తెస్తున్నారు. లీల ప్రతి డబ్బా మూత తీసి, పాత బియ్యమా కొత్తవా అని వాసన చూసి, ఆ ఇంటి సంగతి కనుక్కునేది. నేను సంచిలో పోసి డబ్బా తిరిగిచ్చేస్తున్నాను. వాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోతున్నారు.

జూలై 3, బుధవారం

విక్టర్ ఆటోలో కట్టలు తెచ్చాడు. కొత్త కరపత్రం. పైన లీల ఫోటో, ఎవరి పెళ్ళిలోదో. దాని కింద పెద్ద అక్షరాలతో ‘నవ్వుతూ వెళ్ళిన లీలారాణి’. లోపల అతను మైకులో చెప్పిందంతా ఉంది. ఇంకొంచెం కూడా ఉంది.

మిమ్మల్ని అడిగితే వద్దంటారని అడగనేదు అయ్యగారూ అన్నాడు. మన పాత కరపత్రాలు ఊళ్ళల్లో ఎవలూ సదవట్లేదు, ఇది మనూరి మనిషి కత, ఇదైతే సదువుతారు అన్నాడు.

ప్రింటు బాగుంది అన్నాను.

జూలై 13, శనివారం

సంతలో సువార్త. మైకు మొదట కీచుమంది, తర్వాత పనిచేసింది. వానకు సగం సంత ఖాళీ.

బజ్జీలు వేసే కూర్మయ్యకు విక్టర్ ఒక కట్ట ఇచ్చాడు, వచ్చినవాళ్ళకు పంచమని. కూర్మయ్య పంచాడు, బజ్జీలతో సహా. ఒకతను పొట్లం విప్పితే లీల ముఖం మీద నూనె. విక్టర్ కూర్మయ్య మీదికి వెళ్ళాడు. కూర్మయ్య చిల్లుల గరిటె తిప్పుతూనే, ఏటి బాబూ కోపం, ఉత్తినే ఇస్తే పారేస్తన్నారు, బజ్జీ తింతన్నంతసేపైనా సూస్తారు గదా అన్నాడు. లీల వింటే చాలాసేపు నవ్వేది.

జూలై 24, బుధవారం

నరసన్నపేట అవతల ఊరికి, లక్ష్మీనరసమ్మ ఇంటికి వెళ్ళాను. వరి రైతులు. ఆవిడకు షుగరు, కాలికి పుండు. తను మంచం పట్టేదాకా ప్రతి బుధవారం లీల వెళ్ళి కట్టు కట్టేది. ఆవిడ సంఘంలో చేరలేదు, గోడ మీద దేవుళ్ళ పటాలున్నాయి. లీల చేరమని అడగలేదు, నేనూ అడగను. ప్రార్థన మాత్రం చేయించుకుంటుంది.

పుండు నల్లబడింది. మోకాలి కింద తీసేయాలి, లేకపోతే విషం పైకెక్కి ప్రాణానికే ముప్పు అని డాక్టర్లు అన్నారట. ఆగస్టు ఐదున పొద్దున్నే శ్రీకాకుళం రమ్మన్నారు.

కోడలు హేమ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళాక, ఆవిడ దిండు కింద నుంచి కరపత్రం తీసింది. హేమ చేత రోజూ చదివించుకుంటోందట. అమ్మగారు నవ్వుతా ఎల్పోనారు, నాకేమో రేత్రల్లా వణుకే బాబూ అంది. అంత ధైర్నం నాకెందుకు రావట్లేదు, నాను సెడ్డదాన్నా అని అడిగింది. అమ్మగారి లాగ ధైర్నం వచ్చినాకే ఆపరేషన్‌కి ఎల్తాను, రాకపోతే ఎల్లనే ఎల్లను, ఇలాగ వణుక్కుంటా ఆ బల్ల మీద పడుకోను అంది.

ప్రార్థన చేశాను. మామూలుగా చేసేదే. చెప్పాల్సింది చెప్పలేదు. కట్టు మాత్రం మార్చాను. నీది మోటు సెయ్యి బాబూ అంది.

జూలై 25, గురువారం

లీల పేరా, లక్ష్మీనరసమ్మ ప్రాణమా అని రోజంతా ఆలోచించాను. ఆలోచించాల్సి రావడమే బాగాలేదు.

ఆగస్టు 2, శుక్రవారం

హేమ ఫోను చేసింది. అత్త కదలనంటోందట. కొడుకు నరేష్ అరిచాడట, తర్వాత కాళ్ళు పట్టుకున్నాడట. మీరొచ్చి ఒక్క మాట సెప్పండి అయ్యగారూ, మీ మాట ఇంటాది అంది.

సాయంత్రం విక్టర్‌ని పిలిచి, కరపత్రం ఆపమన్నాను. లీల పోయిన మంగళవారం జరిగింది జరిగినట్టు చెప్పాను. పుస్తకం నెట్టేయడం కూడా.

విక్టర్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. తర్వాత, మా అమ్మ పోయినప్పుడు నాను గూడ్సు మీద రాయగడ కాడ డూటీలో ఉండిపోనాను అన్నాడు. నవ్వుతా ఎల్పోనాదిరా అని మా మావ సెప్పాడు, ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ బతికాను, ఇప్పుడు మీరిలాగ సెప్తే మా అమ్మ ఎలాగెల్పోనాదో అని మళ్ళీ మొదలవుతాది నాకు అన్నాడు.

మిగిలిన కట్టలు ఎక్కడున్నాయని అడిగాను.

మిగిలిన కట్టలు చర్చి వెనక గదిలో పెట్టాం. తాళం అతనే వేశాడు. సంఘానికి మాత్రం సెప్పీకండి అన్నాడు. మాట ఇవ్వలేదు.

ఆగస్టు 4, ఆదివారం

ఆరాధన అయింది. విక్టర్ వచ్చాడు, వెనక బెంచీలో కూర్చున్నాడు.

రేపటికి నరేష్ కారు మాట్లాడాడు. ఆవిడ ఎక్కనంటోంది.

రేపు ఉదయం కారు రాకముందే వెళ్తాను. లీల చాలా భయపడిందని, భయంతోనే వెళ్ళిందని లక్ష్మీనరసమ్మకు చెప్తాను. ధైర్యం కోసం ఆగవద్దంటాను. ఆవిడ ఎక్కితే నేనూ ఎక్కుతాను.