పాపకు నీళ్ళు తాపనియ్యలేదు

మంగళవారం రాత్రి, దవాఖాన వార్డుల.

పొద్దుగాల నుంచి పాపకు వాంతులు, విరేచనాలు. ఒళ్ళు కాలిపోయింది. మా అత్త నీళ్ళ బిందెను తన మంచం పక్కకు జరుపుకుంది. "నీళ్ళు తాపితే ఇంకా ఎక్కువైతయి. కడుపు ఎండబెట్టాలె" అన్నది. నాలుగేండ్ల పిల్ల, నుదుటి మీది తడిగుడ్డను నోట్లె పెట్టుకొని చప్పరించింది. అత్త ఆ గుడ్డ గూడ గుంజుకుంది.

ఆమె స్నానానికి పోయినప్పుడు ఓఆర్ఎస్ పొట్లం కలిపి చెంచాతోని తాపిన. రెండు గుక్కలు తాగిందో లేదో, అత్త వచ్చి గ్లాసు తన్నింది.

మా ఆయన బొగ్గు బాయి నుంచి డ్యూటీ దిగి వచ్చేసరికి పాప కండ్లు లోపలికి పోయినయి. పొద్దటి నుంచి ఉచ్చ పోయలేదు. "జల్ది దవాఖానకు పోదాం" అన్న.

ఆయన బూట్లు విప్పుకుంటనే, "మా అమ్మ ముగ్గురిని సాదింది. నీకు ఒక్కదాన్ని సాదుడు చాతనైతలేదు" అన్నడు.

పాపను ఎత్తుకొని బయటపడ్డ. వెనక ఎవ్వరు రాలె. పక్క క్వార్టర్ శాంతక్కనే ఆటో పిలిచి తీసుకొచ్చింది.

సెలైన్ పెట్టిన్రు. "ఇంకింత ఆలస్యం చేస్తే పిల్ల దక్కకపోతుండె" అని డాక్టరమ్మ నన్నే తిట్టింది. ఇందాక పాప ఉచ్చ పోసి పక్క తడిపింది. నర్సు పాప బట్టలు మార్చుకుంట "ఇగ ఫికర్ లేదు" అన్నది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఇప్పుడే ఆయన ఫోన్ చేసిండు. జల్ది ఎత్తిన.

"ఎప్పుడొస్తవ్? అమ్మ ఇంకా తినలేదు, బియ్యం ఎక్కడ పెట్టినవ్?" అన్నడు.

చెప్పిన. పాప సంగతి అడుగుతడేమో అని ఆగిన. పెట్టేసిండు.