రబ్బరు బొమ్మ బాగా సహకరించింది

శిక్షణాధికారి గారికి,

నమస్కారం. పిల్లల ఆసుపత్రిలో డాక్టర్లకు శిక్షణ ఇప్పించేది మీరేనని తెలిసి రాస్తున్నాను. మా తమ్ముడి కూతురికి ఏడేళ్లు. ఆటిజం ఉంది, మాటలు రావు. కుడి చెవిని పిడికిలితో కొట్టుకుంటుంటే నొప్పేమోనని మీ దగ్గరికి తీసుకొచ్చాను. మీ కుర్ర డాక్టరు పలకరింపూ లేదు పాడూ లేదు, గడ్డం పట్టుకుని తిప్పి చెవిలో లైటు కొట్టబోయాడు. చుట్టూ విద్యార్థులు మూగారు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆయన చీటీ మీద ‘సహకరించలేదు’ అని రాసి పంపేశాడు. చెవి చూసినవాడు లేడు. పిల్ల ఇంకా కొట్టుకుంటూనే ఉంది, నాకు ఒళ్లు మండిపోతోంది. ఇలాంటి పిల్లల్ని ఎలా చూడాలో దయచేసి శిక్షణ ఇప్పించండి.

ఇట్లు,
డ్రైవింగ్ స్కూలు నడుపుకునే ఒక మేనత్త

తా.క. పిల్ల ఆయన చొక్కా గుండీ ఒకటి పీకింది. కవరులో పెట్టాను. మా వైపు నుంచి ఆ మాత్రం సహకారం.

---

అమ్మా,

మీ లేఖ అందింది, గుండీ కూడా. మీ కోరిక మేరకు అమ్మాయికి శిక్షణ ఏర్పాటు చేశాం. కదలకుండా కూర్చోవడం, అడిగినప్పుడు చెవి చూపించడం నేర్పుతారు. అది పూర్తయ్యాక డాక్టరు గారు చూస్తారు. అంతవరకు ఇంట్లో సాధన చేయించగలరు.

భవదీయుడు,
శిక్షణాధికారి

తా.క. శిక్షణ సమయంలో ఏడుపు నిషిద్ధం.

---

అయ్యా శిక్షణాధికారి గారూ,

నమస్కారం పెట్టే ఓపిక పోయింది, అయినా పెడుతున్నాను. శిక్షణ కావాల్సింది పిల్లకు కాదండీ, మీ డాక్టర్లకు. నా దగ్గర నేర్చుకునేవాడు కారు తీసుకెళ్లి గోడకు గుద్దితే, మర్నాడు నేను గోడకు పాఠం చెప్పను. పిల్లకు కావాల్సింది ఏమంత బ్రహ్మవిద్యా కాదు. గుంపు ఉండకూడదు. చేతిలో ఉన్న వస్తువు ముందు చూపించాలి, ముట్టుకోనివ్వాలి. తనంతట తను దగ్గరికొచ్చేదాకా ఆగాలి. నొప్పికి పిల్ల నమలడం మానేసింది, పాలతోనే ఉంది. మీకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఇట్లు,
మండిపోతున్న మేనత్త

తా.క. ఏడుపు నిషేధం పెద్దవాళ్లకు కూడానా? ఈ ఉత్తరం రాస్తూ నేను ఏడ్చాను.

---

అమ్మా,

పొరపాటుకు చింతిస్తున్నాం. నిన్న డాక్టర్లకే శిక్షణ జరిపించాం. ముందుగా మీ ఉత్తరం చదివి వినిపించాం. పిల్లలైతే గోల చేస్తారు కనుక పరీక్షకు రబ్బరు బొమ్మను కూర్చోబెట్టాం. బొమ్మ బాగా సహకరించింది. గంట మోగేలోగా అందరూ చెవి చూసేశారు, మీరు ఫిర్యాదు చేసిన డాక్టరు తప్ప. ఆయన నేల మీద కూర్చుని, లైటు బొమ్మ చేతిలో పెట్టి, ‘చూడనా’ అని అడిగి, అలాగే ఆగిపోయారు. గంట మోగినా చెవి ముట్టుకోలేదు. ఆయన్ని ఫెయిల్ చేసి, పిల్లల వార్డు నుంచి పాత ఫైళ్ల గదికి మార్చాం. మీకు న్యాయం జరిగినందుకు సంతోషిస్తున్నాం.

భవదీయుడు,
శిక్షణాధికారి

తా.క. గంట మోతకు బొమ్మ ఉలిక్కిపడుతుందని ఆయన మాతో వాదించారు కూడా.

---

శిక్షణాధికారి గారికి,

మీ ఉత్తరం చదివి తల బాదుకున్నాను. నేర్చుకున్న ఒక్కణ్ణీ ఫెయిల్ చేసి, బొమ్మ చెవి చూసినవాళ్లను పిల్లల మీదికి వదిలారా?

మీకు జవాబు రాయడానికి ముందే పిల్లను తీసుకుని నేరుగా పాత ఫైళ్ల గదికే వెళ్లాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడి, “ఆరోజు పాపను భయపెట్టేశానండీ” అన్నారు. నాలుగు దులిపేద్దామనే వెళ్లినదాన్ని, పిల్ల చెయ్యి వదిలి పక్కకు తప్పుకున్నాను. పిల్ల బీరువా వెనక్కి దూరింది. ఆయన నేల మీద కూర్చుని లైటు పక్కన పెట్టారు, పిలవలేదు. చాలాసేపటికి అది వచ్చి, లైటు తీసుకుని ముందు ఆయన చెవిలోకి చూసింది. తృప్తిగా చూశాక తన కుడి చెవి ఆయన వైపు తిప్పింది.

లోపల చీము పట్టి ఉంది. ఇన్నాళ్లూ ఆ నొప్పితో ఉంది నా బంగారం, మీరేమో సహకరించలేదన్నారు. పిల్లలకు మందు రాసే అధికారం ఆయనకిప్పుడు లేదట, మీరు పాస్ చేసిన డాక్టరు చేత మందు చీటీ మీద సంతకం పెట్టించాం. ఆ డాక్టరు పిల్లవైపు తలెత్తకుండా పెట్టేశారు. మందు మొదలుపెట్టి నాలుగు రోజులైంది, పిల్ల ఇప్పుడు పక్క గదిలో నిద్రపోతోంది, కుడి చెవి దిండుకు ఆనించి.

ఇట్లు,
పిల్ల మేనత్త

తా.క. నాకు తెలిసిన తల్లులందరికీ దారి చెప్పాను. సోమవారం నుంచి పాత ఫైళ్ల గది ముందు బెంచీలు వేయించండి.