నడుం నొప్పి పుస్తకం

జూన్ 14, శనివారం

చిన్నకోడలికి,

నీ తోడికోడలు రాస్తున్నది. ఇంట్లో అందరం క్షేమం, నా నడుం తప్ప. ఫోన్లో అయితే మధ్యలో అడ్డుపడి నన్నే దోషిని చేస్తావు. అందుకే కాగితం.

డాక్టరు నడుం బలపడాలన్నారు. జిమ్‌లో ఆడవాళ్ల బ్యాచ్‌కి నువ్వే కోచ్‌వని మురిసిపోయి చేరాను. మొదటి నెల, గుంజీళ్లలా కూర్చుని లేచే ఆ స్క్వాట్ మెషీన్ మీద ఎంత హాయిగా ఉండేదని! వీపు వెనక మెత్త, భుజాల మీద ప్యాడ్లు, బరువు పట్టాల మీద దానంతటదే పైకీ కిందకీ నడిచేది. నా సుఖం నీకు కంటగింపైంది. అక్కణ్ణించి దింపి నా మెడ వెనక ఇనుప బార్ పెట్టావు. నడుం నొప్పి మనిషికి ఇదేం పనని అడిగితే పదిమందిలో ఏమన్నావో నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను రాసిపెట్టుకున్నాను.

“మెషీన్ నీ వీపును పట్టుకుంటుందక్కా. ఇంట్లో ఎవరు పట్టుకుంటారు?”

ఆ మాట అడగాల్సింది నువ్వా? వేరుకాపురం పెట్టి అత్తయ్యగారిని నాకు వదిలేసిన దానివి. వచ్చినప్పుడల్లా మంచం పక్కన కుర్చీలో కూర్చుని, ఆవిడ చెయ్యి నిమిరి, బాగా నీరసించారక్కా అని నాకే కబురు చెప్పి పోతావు.

బార్ ఎత్తిన రోజు నుంచి, అంటే ఎనిమిది వారాలుగా, నొప్పికి రోజూ పదికి ఇన్ని అని ఒక పుస్తకంలో మార్కులు వేస్తున్నాను. తొమ్మిది పడిన రోజులే ఎనిమిది. సోమవారం ఆ పుస్తకానికి నకలు రాసి జిమ్ ఓనరుగారి చేతిలో పెడతాను. ఇంకొక్క ఫిర్యాదు వస్తే నీ బ్యాచ్ వేరేవాళ్లకిస్తానని ఆయన అన్నారట. ఇవ్వనీ. నేను మెషీన్‌కే పోతాను. మరిదిగారికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

ఇట్లు,
నీకు అక్కనైనందుకు చింతిస్తూ,
పెద్దకోడలు

తా.క. కవరు అంటించకముందే ఓనరుగారి నకలు రాయడానికి కూర్చున్నాను. ఆయనకు తేలిగ్గా అర్థం కావాలని వారానికి ఏడు గళ్లు గీశాను. బార్ ఎత్తిన రోజులన్నీ రెండు, మూడు. తొమ్మిదులన్నీ ఒకే నిలువు వరుసలో, ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఆదివారం. ఆ రోజు జిమ్‌కి సెలవు, అత్తయ్యగారిని చూసుకునే ఆయమ్మకీ సెలవు, మీ బావగారికి డ్యూటీ. అత్తయ్యగారిని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఆరేడుసార్లు నేనొక్కదాన్నే మారుస్తాను. బార్‌కి మోకాళ్లు వంచుతున్నాను, ఆవిడకి నడుం వంచుతున్నాను. ఆవిడకి పట్టాలూ లేవు, నా వెనక మెత్తా లేదు.

నకలు చించేశాను. కోపం అలాగే ఉంది. ఆయమ్మ ఇంటికి వెళుతూ ఈ కవరు నీకిస్తుంది. రేపు పొద్దున ఏడింటికల్లా రా. భుజాల వైపు నువ్వు పట్టుకో, కాళ్ల వైపు నేను పడతాను. వచ్చాక కుర్చీలో మాత్రం కూర్చోకు. అది ఆవిడది.