చిల్లుల రాయి

లావణ్యకు,

నీ పరశురాములు రాస్తున్నది. ఇక్కడ గల్ఫ్‌లో నేను తిని తిరుగుతున్నాను. సిరిసిల్లలో నువ్వు, కడుపులోని పసిది, అత్తమ్మ చల్లగా ఉన్నారని నమ్మి ఇది మొదలుపెట్టాను. కోరుట్ల ఇంటికి తాళం వేసి పుట్టింటికి పోయి మంచిపని చేశావు. నాతో పనిచేసే వెల్గటూరు జలపతన్న సెలవు మీద వస్తున్నాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. ఫోన్లో చెప్పలేని మాట ఒకటుంది.

మామిడి తొక్కుతో పాటు పంపిన ఉత్తరంలో అడిగావు, "బోరు కింద నూనె చెరువు ఉంటదా? నువ్వు దాని మీదనే నిలవడతవా?" అని. చెరువు లేదు. జగిత్యాల సాత్విక్ సార్ మా ఇంజనీరు. కింది నుంచి తీసిన రాయి చూపించాడు. తెల్లటి సున్నపురాయి, నిండా గవ్వలు, నత్తగుల్లలు. ఈ ఎడారి ఒకప్పుడు సముద్రమట. చచ్చిన జీవాల గుల్లలన్నీ అడుగున పేరుకుని రాయి అయ్యాయట. నీళ్లు కొన్ని గుల్లలను కరిగించి చిల్లులు చేశాయి. ఇంకా లోతున, నల్లటి బురదలో ఉడికిన నూనె పైకి పాకి ఆ చిల్లుల్లో చేరింది. నువ్వు సర్వపిండికి వేలితో చిల్లులు పెట్టి నూనె పోస్తావు చూడు, అట్లా. పైన గట్టి రాతిపొర మూత వేసినట్టు ఉంటుంది. ఆ మూతకే మేము బోరు వేస్తాము.

ఆ చిల్లుల్లో నూనెతో పాటు విషవాయువు కూడా ఉంటుంది. మురిగిన కోడిగుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. నాకు చాలా భయంగా ఉంది లావణ్యా.

వీడియో ఎందుకు పెట్టడం లేదని అడిగావు. సిగ్నల్ లేదన్నాను. అబద్ధం.

రెండుసార్లు కడుపు పోయాక, ఈసారి నీ కాన్పయ్యేదాకా గడ్డం తీయనని, అది కొండగట్టు అంజన్నకే ఇస్తానని మొక్కుకున్నాను కదా. ఇక్కడ గడ్డం ఉండకూడదు. మాస్కు చర్మానికి అంటుకోకపోతే విషగాలి లోపలికి దూరుతుంది. దుమ్మని చెప్పి రుమాలు కట్టుకుని అందరి కళ్లుగప్పాను. గురువారం సైరన్ మోగింది. మాస్కు పెట్టుకున్నాను. ముందు వాసన వచ్చింది, తర్వాత పోయింది. గండం గడిచిందనుకునేలోపే కుప్పకూలిపోయాను. జలపతన్న ఈడ్చుకుపోయాడు. కళ్లు తెరిచేసరికి ఏడుస్తున్నాడు.

"తమ్మీ, మూతికి అంటని మాస్కు ఉన్నా లేకున్నా ఒక్కటేరా. అంజన్న నీ పానం అడిగిండా?"

శుక్రవారం పొద్దున నేనే గడ్డం గీసుకున్నాను. రెండు చోట్ల తెగింది. ఆ వెంట్రుకలు ఎర్రగుడ్డలో కట్టి జలపతన్న సంచిలో పెట్టాను. ఆయన ముందు కొండగట్టు ఎక్కి, తర్వాతే మీ ఇంటికి వస్తాడు. దేవుడు కాన్పుకు ముందే తీసిన మొక్కు తీసుకుంటాడో లేదో ఎవరిని అడగాలి?

నిన్న ఫోన్లో "మంచిగనే ఉన్న" అన్నావు. నేను సిగ్నల్ లేదన్నట్టే నువ్వూ అన్నావేమోనని నా భయం. శుక్రవారం నుంచి లోపల బిడ్డ కదులుతున్నదా?

ఇది చదవగానే వీడియో పెట్టు. నా ముఖం చూపిస్తాను. నువ్వేమీ చెప్పనక్కర్లేదు, ఫోన్ కడుపు దగ్గర పెట్టు. నేను చూస్తూ ఉంటాను.

ఇట్లు,
నున్నటి ముఖంతో,
నీ పెనిమిటి
పరశురాములు