పదహారు కిలోల బెల్లం

మట్టెవాడ, వరంగల్
19-1-1986, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి భారతికి,

సారంగపాణి ఆశీస్సులు. ఇక్కడ అందరమూ క్షేమం. అందరమూ అంటే నేను, కింది వాటాలో కట్టమ్మ పెద్దమ్మ, ఆమె మేక. కాగజ్‌నగర్ చలిలో నువ్వూ విజ్జీ కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. విజ్జి అడిగిన లెక్కల గైడు పార్సెల్ చేశాను. అందగానే ఒక ముక్క రాయమను.

ముందు వార్త చెప్తాను, వివరాలు తర్వాత. ఈ పొద్దున తొమ్మిదిన్నరకు ఎల్లస్వామి బెల్లం దుకాణంలో పెద్ద కాంటా మీద కూర్చున్నాను. డెబ్బై ఎనిమిది కిలోలు తూగాను. రెండుసార్లు తూచారు, రెండుసార్లూ అంతే. 

నీ పదో తారీఖు ఉత్తరం నా ముందే ఉంది. అందులో పెట్టి పంపిన కట్టమ్మ పెద్దమ్మ కార్డు కూడా చూశాను. పోస్ట్‌మ్యాన్‌తో రాయించిందట. "భారతమ్మా, నీ పెనిమిటి ఎండిపోతాండు. పిల్ల తిన్నంత బువ్వ తింటాండు. ఏం బీమారో అడిగితే నవ్వుతాండు. జర వచ్చి చూడు." ఆ కార్డు చదివి నువ్వు రెండు రాత్రులు నిద్రపోలేదని రాశావు. ఒంట్లో బాగాలేకపోతే నిజం చెప్పండి, హెడ్మిస్ట్రెస్ పోస్టు వద్దని రాసిచ్చి వరంగల్ బదిలీకి అర్జీ పెట్టుకుంటాను, ముప్పై ఒకటి లోపల ఏదో ఒకటి తేల్చాలి అన్నావు. ఇరవై రెండేళ్లు బోర్డు ముందు నిలబడితే వచ్చిన కుర్చీ అది. ఒక కార్డును నమ్మి దాన్ని వదులుకోవద్దు. ఈ ఉత్తరాన్ని నమ్మి తీసుకోవాలన్నా, ఇందులో ఉన్నదంతా నిజమై ఉండాలి. అందుకే ఇది పొడుగ్గా ఉంటుంది.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. షుగర్ లేదు, రెండుసార్లు పరీక్ష చేయించాను. దగ్గు లేదు. క్షయ అని ప్రెస్ క్లబ్‌లో ఒకాయన నా పక్క కుర్చీలోంచి లేచి దూరంగా కూర్చున్నాడు కాని ఆ అనుమానానికి ఆధారం లేదు. బీపీ నూట డెబ్బై నుంచి నూట ముప్పై ఆరుకు దిగింది. ముఖం పీక్కుపోయిందా అని అడిగావు. సెప్టెంబర్‌లో పీక్కుపోయింది, ఇప్పుడు లేదు. గదవ కింద మాత్రం కొంచెం చర్మం వేలాడుతున్నది. నలభై ఎనిమిదేళ్ల మనిషికి అది పూర్తిగా పోకపోవచ్చని డాక్టర్ కిషన్ రావు ముందే చెప్పాడు.

ఏం తింటున్నారు అన్నావు. పొద్దున ఒక జొన్నరొట్టె, రెండు ఉడకబెట్టిన గుడ్లు. మధ్యాహ్నం ఒక గిన్నె అన్నం, అన్నం కంటే ఎక్కువ పప్పు, ఆకుకూర, పెరుగు. సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు. రాత్రి మళ్లీ రొట్టె, కూర. ఆఫీసులో రోజుకు ఎనిమిది చాయ్‌లు తాగేవాడిని కదా, ఇప్పుడు రెండే. కట్టమ్మ పెద్దమ్మ చూసేది నా పళ్లెంలో అన్నం ఎంత ఉందనే. అన్నం కుప్ప చిన్నదైతే మనిషి ఉపవాసం ఉన్నట్టే ఆమె లెక్క.

ఇంకొక సంగతి నీకు ఇంతవరకు రాయలేదు. సెప్టెంబర్ రెండో వారం నుంచి రోజూ పొద్దున మన వీధి చివర తాలీంకు, అదే కుస్తీల అఖాడాకు, పోతున్నాను. పాత పహిల్వాన్ జానీ మియా నేర్పుతున్నాడు. ఆయనకు అరవై నాలుగేళ్లు. ఆయన దండ చెయ్యి చూస్తే నలభై అనుకుంటావు. మొదటి రోజు నన్ను పైనుంచి కిందికి చూసి, "పేపర్ సాబ్, కలం పట్టిన చేతికి ముగ్దర్ ఇస్తే పేపరోళ్లు నన్ను కోర్టుకీడుస్తరు. ముందు గోడ పట్టుకొని కూసో, గోడ ఇడిసి లే," అన్నాడు. గోడ పట్టుకుని ఐదు బైఠకులు తీశాను. ఆరోదానికి నేల మీద కూలబడ్డాను. తాలీంలో కుర్రాళ్లు నవ్వారు. జానీ మియా వాళ్ల మీద కసిరి, "నవ్వకుండ్రి రా! మీరు జవానీల ఉండి చేస్తాండ్రు, గాయిన ముసలోడై చేస్తాండు. ఎవలది పెద్ద పని?" అన్నాడు. ఆ మాట నన్ను మెచ్చుకోవడమో, దెప్పడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇప్పుడు గోడ లేకుండా అరవై బైఠకులు. ఇరవై దండీలు. ఆరు కిలోల ముగ్దర్, ఆ కొయ్య గద, రెండు చేతులా తిప్పుతున్నాను. జానీ మియాకు రాత రాదు. ఆయన లెక్క ఒక నల్లదారం. మొదటి రోజు నా నడుముకు, తొడకు, దండకు చుట్టి మూడు ముడులు వేశాడు. నెలకొకసారి అదే దారంతో కొలుస్తాడు. నడుము ముడి జానెడుకు కొంచెం తక్కువగా వెనక్కి వచ్చింది. తొడ ముడి, దండ ముడి మాత్రం కొంచెం ముందుకు జరిగాయి. "తూకం తగ్గింది, కండ తగ్గలే. గిది అసలు సంగతి," అంటాడు. నేను టైలర్ టేపుతో విడిగా కొలిచి చూశాను. దారం చెప్పింది నిజమే. నడుము నలభై రెండు అంగుళాల నుంచి ముప్పై ఆరు.

ఇంతవరకు చదివి నువ్వు సంతోషిస్తావని తెలుసు. ఇక తప్పు ఒప్పుకోవాలి.

ఆగస్టులో నీకొక ఉత్తరం రాశాను, గుర్తుందా? నలభై రోజుల్లో ఎనిమిది కిలోలు తగ్గాను, తొంభై నాలుగు నుంచి ఎనభై ఆరు, అని. నువ్వు స్టాఫ్ రూంలో అందరికీ పేడాలు పంచానని జవాబు రాశావు. అంకె నిజమే. స్టేషన్ పార్సెల్ ఆఫీసు కాంటా మీద నేనే చూసుకున్నాను. ఎట్లా తగ్గానో మాత్రం రాయలేదు. పొద్దున ఒక గ్లాసు మజ్జిగ, సాయంత్రం ఒక గ్లాసు మజ్జిగ, మధ్యలో నాలుగు ముద్దలు. అంతే. నువ్వు బదిలీ మీద పోయాక అడిగేవాళ్లు లేరు. జాతర దగ్గర పడుతున్నదని తొందర. పోయినసారి మేడారంలో, వాగు గట్టు మీద నేను ఛాతీ పట్టుకుని కూలబడినప్పుడు నువ్వు మొక్కిన మొక్కు నా చెవిలోనే ఉంది. "తల్లీ, వచ్చే జాతర దాకా ఈయనను నడిపియ్యి. ఈయన ఎత్తు బంగారం ఈయన తల మీదనే మోసుకొస్తడు." ఆ తల్లులకు బెల్లమే బంగారం. తొంభై నాలుగు కిలోల మనిషి తన ఎత్తు బెల్లం తన తల మీద వాగు నుంచి తల్లుల గద్దెల దాకా ఎట్లా మోస్తాడు? అందుకే ఆకలికి తోడు మొండితనం కలిపాను.

ఆ నలభై రోజుల్లో ముఖం వదులైంది. దండల కింద చర్మం ఖాళీ సంచిలా వేలాడింది. ఆఫీసులో ఒకాయన, "సార్, పళ్లు పీకించుకున్నరా?" అని అడిగాడు. ఆగస్టు ముప్పైన నాట్ల వార్త కోసం నెక్కొండ పోయాను. తిరుగు ప్యాసింజర్ ఎక్కబోయి కమ్మీ పట్టుకున్నాను. కాలు మెట్టు మీద ఉంది కాని మోకాలు నన్ను పైకి లేపలేదు. అప్పుడే రైలు కదిలింది. యాకయ్య అని ఆ స్టేషన్ హమాలీ, వెనక నుంచి నడుం పట్టి ప్లాట్‌ఫారం మీదికి గుంజాడు. ఇద్దరం పడ్డాం. "ఏందయ్యా సారూ, గింత మనిషివి గా మెట్టు ఎక్కస్తలేదా? తాగినవా?" అన్నాడు. తాగలేదని చెప్పినా నమ్మలేదు. నా నోటి దగ్గర వాసన చూసిన తర్వాతే నీళ్లిచ్చాడు.

మోచేతికి తగిలిన దెబ్బ సైకిల్ మీంచి పడితే తగిలిందని నీకు రాశాను. అది అబద్ధం. పాతికేళ్లుగా ఒక్క అంకె కూడా రెండుచోట్ల అడగకుండా పేపర్‌కు పంపలేదు. నీకు మాత్రం సగం వార్త పంపాను. ఆ సంగతి ఈ ఐదు నెలలూ మోచేతి మచ్చలా కనబడుతూనే ఉంది.

మర్నాడు డాక్టర్ కిషన్ రావు దగ్గరికి పోయాను. అంతా విని ఒక్క మాటే అన్నాడు. "పొయ్యిల కట్టెలు లేవని ఇంటి దూలాలు పెట్టిండ్రు. కొవ్వుతో పాటు కండ కూడ కరిగింది." మరి చర్మం సంగతి అంటే, "చర్మం తొందరపడేది కాదు. మీరు ఉరికితే అది వెనకపడ్తది. నెలకు రెండు, రెండున్నర కిలోలు దాటకుండ మెల్లగ పోండ్రి, చాలా మట్టుకు మీ వెంట వస్తది. నూనెలు, లేపనాలు కొనకుండ్రి. పప్పు తినుండ్రి, గుడ్డు తినుండ్రి, బరువులు ఎత్తుండ్రి," అన్నాడు. బరువు తగ్గాలన్నవాణ్ని బరువెత్తమంటాడేమిటని మొదట అనుమానించాను. రెండో అభిప్రాయం కోసమే జానీ మియా దగ్గరికి పోయాను. డాక్టర్ చదివింది, పహిల్వాన్ చేసింది ఒకటే అని తేలింది. మళ్లీ తిండి మొదలుపెట్టగానే రెండు కిలోలు పెరిగి ఎనభై ఎనిమిదయ్యాను. అక్కడి నుంచి పది కిలోలు తగ్గడానికి నాలుగున్నర నెలలు పట్టింది.

ఇక ఈ పొద్దుటి సంగతి. కట్టమ్మ పెద్దమ్మ సాక్షిగా వస్తానని కర్ర పట్టుకుని బయల్దేరింది. కాంటాలో ఒక పళ్లెం మీద నేను, రెండో దాంట్లో బెల్లం ముద్దలు. పళ్లెం లేచింది. ఎల్లస్వామి, "డెబ్బై ఎనిమిది," అన్నాడు. పెద్దమ్మ కర్ర నేలకు తాటించింది.

"తల్లులకు ఎగబెడ్తవా బిడ్డా? మొక్కిన్నాడు తొంభై నాలుగుంటివి. పదహారు ఎటుబాయె?"

"పెద్దమ్మా, మొక్కు తీరేనాడు మనిషి ఎంత తూగితే అంతనే. నేను ముప్పై ఏండ్ల సంది తూస్తాన్న," అన్నాడు ఎల్లస్వామి.

"నీ కాంటాకేం ఎరుక? గా తల్లి చూసింది తొంభై నాలుగు కిలోల మనిషిని. గంత మొత్తాన్ని బతికిచ్చింది."

నువ్వు కూడా నీ ఉత్తరంలో ఇదే అడిగావు, తక్కువ తూగితే మొక్కు తప్పినట్టు కాదా అని. నాకు ఆ క్షణంలో జవాబు దొరికింది. ఇంకో పదహారు కిలోలు విడిగా తూచమన్నాను. "పెద్దమ్మా, మొక్కినంతా ఇస్తా. డెబ్బై ఎనిమిది నేను ఉన్నందుకు, పదహారు నాలోంచి పోయినందుకు," అన్నాను. ఎల్లస్వామి దండం పెట్టి, "గిసుంటి మొక్కులోళ్లు ఊరికి పదిమంది ఉంటే నా బిడ్డ పెండ్లి అయితది," అన్నాడు.

ఆ పదహారు కిలోల సంచి నా తలకెత్తమన్నాను. దుకాణం నుంచి మన ఇంటిదాకా నడిచాను. మన మెట్లు ఇరవై మూడు కదా. ఎక్కి, దిగి, కింద దించి, మళ్లీ ఎత్తించుకుని, మళ్లీ ఎక్కాను. ఎక్కుతుంటే ఒక సంగతి అర్థమైంది. పాతికేళ్లలో ఒక్కొక్క కిలోగా వచ్చిన ఈ సంచిని నేను రాత్రింబవళ్లు దించకుండా మోశాను. నిద్రలో కూడా. వాగు గట్టు మీద కూలబడ్డది దీని కిందే. ఈ రోజు మాత్రం పైకి చేరాక దించి పక్కన పెట్టాను. ఒళ్లు గాలిలో తేలినట్టయింది.

పెద్దమ్మ కింద నుంచి మూడు నిమిషాలు చూసింది. "దమ్ము వస్తలేదా, ఆయాసం గిట్ల?" అని అరిచింది. లేదన్నాను. "ఛాతి నొస్తలేదా?" లేదన్నాను. "మరి నేను కార్డు ఎందుకు రాయిస్తిని ముండదాన్ని!" అని నెత్తి కొట్టుకుంది. నవ్వాపుకోలేక మెట్ల మీదే కూర్చున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, మళ్లీ దాచిపెట్టడం ఎందుకు. నీ ఉత్తరం పదమూడో తారీఖున అందింది. ఆరు రోజులు జవాబు రాయలేదు. నాకు ఒంట్లో బాగా లేదని నువ్వు అనుకుంటే వచ్చేస్తావు కదా అనే ఆలోచన ఆ ఆరు రోజులూ నా వెంట తిరిగింది. ఇల్లు నువ్వు లేక బోసిగా ఉంది, అది వాస్తవం. కాని రోగినని చెప్పి నిన్ను రప్పించుకుంటే అది సైకిల్ అబద్ధం కంటే పెద్దది.

కాబట్టి సంతకం పెట్టు, భారతీ. హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చో. జాతరకు మూడు రోజులు సెలవు తీసుకుని రా. నాకు కాపలాగా కాదు, చూడటానికి. పదహారేసి కిలోల చొప్పున ఆరు నడకల్లో మొత్తం మోసేస్తాను. ఐదో నడకకు నువ్వు ఆపమన్నా ఆగను.

పెద్దమ్మ పక్కనే కూర్చుని, తన కార్డు తానే కొట్టెయ్యాలంటున్నది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఒక్క మాట దిద్దలేదు:

"భారతమ్మా, నేను కట్టమ్మను. ఎనకటి కార్డు చింపెయ్యి. నీ మొగడు ఎండిపోలే, గట్టిపడ్డడు. గుడ్లు తింటాండు, పప్పు తింటాండు, సంచి మోస్తాండు. నాకు తెల్వక రాసిన. నువ్వు పెద్ద టీచరై కూసో. ఈయన ఏమన్న అబద్ధం రాస్తే నేను మళ్లా కార్డు రాయిస్త."

ఇట్లు,
ఇకమీదట పూర్తి వార్తే పంపే
నీ భర్త, విజ్జి నాన్న,
సారంగపాణి